మేడ మీద సొరతీగ

ఆ వానాకాలం మా ఇంట్లో టమాటలు కొనడం మానేశాం. ధర అడిగి, చేతిలోకి తీసుకున్న కాయల్ని అమ్మ మళ్లీ కుప్పలో పెట్టి వచ్చేసిన రోజు నాకు బాగా గుర్తు. మర్నాటి నుంచి పప్పులోకి పుంటికూర, అదే గోంగూర, లేదంటే చుక్కకూర. రెండూ మేడ మీదివే. పాత రంగు డబ్బాల్లో, బియ్యం సంచుల్లో మట్టి నింపి అమ్మ ముందే వేసి పెట్టింది. మిరపకాయలు కూడా కొనక్కర్లేకపోయింది. పులుపుకీ కారానికీ లోటు లేదు. లోటల్లా కూరగాయలకే.

అందుకే అమ్మ ఆశంతా సొరతీగ మీద పెట్టుకుంది. నీళ్ల ట్యాంకు పక్కన నీలం డ్రమ్ములో నాటిన విత్తనం పందిరంతా అల్లుకుంది. తెల్లగా విరగబూసేది. పిందెలు మాత్రం బొటనవేలంత అయ్యి, పసుపు రంగుకు తిరిగి రాలిపోయేవి.

బాపు ఆదిభట్లలో ఒక కంపెనీ బస్సు నడుపుతాడు. ఉదయం షిఫ్టు ముగించుకుని వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడల్లా ముందు గది కప్పుకేసి చూసేవాడు. అక్కడ చెమ్మ మరక పెద్దదవుతోంది.

"మీ అడవితోని స్లాబు కరాబైతున్నది. ఐతారం మేస్త్రి వస్తడు, సిమెంటు పూయాలె. డబ్బాలన్నీ కిందికి దించుడే" అన్నాడు.

"కింద యాడ పెడ్తవ్? నీ నెత్తి మీదనా?" అంది అమ్మ. "ఆ సందుల ఎండనే రాదు."

"ఎండ తిని ఏం కాసింది నీ తీగ? ఒక్క కాయ చూపియ్యి, డ్రమ్ము ముట్ట."

అమ్మ చెంబు తీసుకుని మేడ మీదికి పోయింది.

పిందెలు ఎందుకు రాలతాయో నేను గ్రంథాలయంలోని ఒక పాత తోటపని పుస్తకంలో చదివాను. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మేడల మీదికి పురుగులు సరిగ్గా రాకపోతే మగపువ్వు పుప్పొడిని మనమే ఆడపువ్వుకు అంటించాలి. ఈ మాటలు ఇంట్లో చెప్పడానికి నాకు సిగ్గు. నేనే చేసేద్దామనుకున్నాను. గురువారం ఒక ఆడమొగ్గ విచ్చుకునేలా ఉంది. అదే రోజు నాకు సిటీలో పరీక్ష. చీకటి పడేలోగా వచ్చేస్తాననుకున్నాను. తుర్కయంజాల్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు కదల్లేదు. ఇక తప్పక అమ్మకు ఫోన్ చేశాను.

"మేడ మీదికి పో అమ్మా. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాయాలె."

"ఏం పువ్వు? ఇనస్తలేదు, గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాను. ముందు సీటులోని ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నా చెవులు వేడెక్కాయి.

"గవన్నీ నాకు సమజ్ కావు. మీ బాపుకిస్త" అని అమ్మ ఫోన్ బాపు చేతిలో పెట్టేసింది.

డబ్బాలు దించుతానన్న మనిషికి ఈ పని ఎలా చెప్పను? అమ్మ ఏం చెప్పిందో, బాపు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది.

"చెప్పు బిడ్డా. ఏందీ, లైన్ల ఉన్నవా?"

"సన్న కాడకు ఉన్నది మగది బాపు. కింద బుడ్డ కాయ ఉన్నది ఆడది."

"సన్న కాడలయి మస్తున్నయి. కాయది... ఆఁ, ఒక్కటే ఉన్నది."

"ఒక మగదాన్ని తెంపి రేకులు తీసెయ్. నడుమ ఉన్న పొడి ఆ ఆడదాని నడుమ రాయి. మెల్లగ."

నా పక్కన కూర్చున్న పెద్దావిడ మోచేత్తో పొడిచింది. "ఫోన్ల పెండ్లి చేస్తున్నవా బిడ్డా?"

చుట్టుపక్కల సీట్లన్నీ నవ్వాయి. నాకూ నవ్వు ఆగలేదు. అంతమంది కొత్తవాళ్ల మధ్య నేను ఎప్పుడూ అలా నవ్వలేదు.

"ఎవరే నవ్వేది?" అన్నాడు బాపు.

"బస్సుల వాళ్లు."

"నవ్వనీ. రాసిన. ఇంకేమన్న చెయ్యాలెనా?"

ఆ పిందె పసుపు రంగుకు తిరగలేదు. శనివారానికి కోడిగుడ్డంత అయ్యి, నూగుతో మెరుస్తోంది. బాపు రెండు రోజులూ సాయంత్రం చాయ్ గ్లాసు పట్టుకెళ్లి మేడ మీదే తాగాడు.

ఆదివారం మేస్త్రి వచ్చాడు. డబ్బాలన్నీ కిందికి దించాక డ్రమ్ము మీద చెయ్యి వేశాడు.

"అన్నా, ఇది దించాలె గద?"

"దించద్దు. ఇటుకల మీదికి ఎత్తి కింద పూయి. తీగ నేను పట్టుకుంట."

"గింత పిందె కోసమా?"

"అంగట్ల సొరకాయ ధర అడిగి రాపో. గప్పుడు మాట్లాడు."

అమ్మ మొహం అటు తిప్పుకుని నవ్వింది. సిమెంటు ఆరాక డబ్బాలన్నీ మళ్లీ వాటి చోటుకే చేరాయి.

కాయ కోసిన రోజు అమ్మ సగం పప్పులో వేసి, మిగతా సగం తురిమి బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి చేసింది. అంచులు కరకరలాడేలా కాల్చిన మొదటి రొట్టె బాపు పళ్లెంలో వేసింది. సగం తిన్నాక ఆయన నా వైపు చూసి అడిగాడు.

"రేపు ఆడపూలు ఎన్ని పూస్తయి?"