స్తెఫాను పండుగకు కుట్టిన ఎర్ర వస్త్రం

దయ్యాలు, ఆత్మలు అనే మాటలు వింటే నాకు నవ్వొస్తుంది. పద్దెనిమిదేళ్లుగా భూపాలపల్లిలో బట్టలు కుడుతున్నాను. పని నేర్చుకున్నది మహబూబాబాద్‌లో, మా మేనమామ దుకాణంలో. కంటికి కనబడేది, టేపుకు అందేది, ఈ రెండే నేను నమ్ముతాను. కొలత తప్పిందని ఒక్క గిరాకీ కూడా నా దగ్గరికి తిరిగి రాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఈ సంగతి ముందు చెప్పాలి.

రెండేళ్ల కింద డిసెంబర్ మొదట్లో మరియమ్మక్క నా దుకాణానికి వచ్చింది. మా వాడకట్టే. ఆమె ఒక్కగానొక్క కొడుకు స్తెఫాను, ఇరవై ఎనిమిదేళ్లవాడు, ఆ ఎండాకాలమే కామెర్లతో పోయాడు. చేతిలో తన పెళ్లినాటి ఎర్ర పట్టుచీర పట్టుకొచ్చింది.

"తమ్మీ, క్రిస్మస్ తెల్లారి స్తెఫాను పండుగ. గా దినం ఫాదర్ ఎర్రదే ఏసుకుంటడు. ఈ చీరతోని పూజకు పైవస్త్రం కుట్టియ్యి, నా కొడుకు పేరు మీద ఇస్త."

మేం చర్చికి పోయేవాళ్లం కాదు. నాకు తెలిసి క్రిస్మస్ అంటే తెలుపే. ఆమే వివరంగా చెప్పింది. స్తెఫాను క్రీస్తు కోసం మొట్టమొదట ప్రాణమిచ్చిన వేదసాక్షి, రాళ్లతో కొట్టి చంపారు, అందుకే ఆ ఒక్కరోజు రక్తం రంగు. ఆమె కొడుకు ఆ పండుగ నాడే పుట్టాడట.

ఉన్నది ఒక్క చీర. తప్పు కోస్తే మళ్లీ దొరకదు. అందుకని నేనే చర్చికి పోయి ఫాదర్ కొలతలు తీసుకున్నాను. ఆరడుగుల మనిషి, రెండు భుజాలూ సమానం. పుస్తకంలో రాసుకున్నాను, సుద్దతో గీసుకున్నాను, పట్టపగలు నా చేత్తోనే కోశాను. కుట్టడం అయ్యాక అలవాటు కొద్దీ లోపలి అంచుకు పసుపు కూడా పెట్టాను.

క్రిస్మస్ సాయంత్రం ఇస్త్రీ చేయబోతూ ఒకసారి టేపు వేసి చూశాను. పొడవు జానెడు తక్కువ. కుడి భుజం ఎడమ దానికన్నా అంగుళమున్నర కిందికి ఉంది. భుజం వాలిపోయిన మనిషికే అట్లా కోస్తాం, కావాలని కోస్తే తప్ప రాదు. పుస్తకంలో కొలతలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. మిగిలిన ముక్కలు అతుకు వేయడానికి కూడా చాలవు.

తెల్లారగానే మరియమ్మక్క ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. వస్త్రం విప్పి చూసి, మళ్లీ మడత పెట్టింది.

"పోనీ తియ్ తమ్మీ. ఏసుకోకుంటే పూజ బల్ల మీదన్న పరుస్తరు," అంది.

దానికన్నా తిడితే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం కలిసి చర్చికి నడిచాం.

పండుగ పూజలు చేసీ చేసీ మా ఊరి ఫాదర్‌కు గొంతు పూర్తిగా పోయిందట. జనగామలో విశ్రాంతిగా ఉంటున్న ఒక పెద్ద ఫాదర్‌ను పిలిపించారు. మేం పోయేసరికి ఆయన కారు దిగుతున్నాడు. పొట్టి మనిషి. నా కళ్లు ముందుగా ఆయన కుడి భుజం మీదికే పోయాయి. అది కిందికి వాలి ఉంది.

వస్త్రం అందించాను. వేసుకున్నాడు. చుట్టూ తిరిగి చూశాను. ఎక్కడా ఒక్క కుట్టు విప్పాల్సిన పని లేదు. దగ్గర నిలబెట్టి కొలత తీసుకున్నా అంత బాగా కుదరదు.

ముందు భాగంలో, కొంగు జరీ మీద పాత నూనె మరక ఒకటి ఉంది. ఆయన దాన్ని వేలితో తడిమి మరియమ్మక్కను చూశాడు.

"ఈ కొంగుల సుట్టుకునే గదమ్మా, పిల్లగాన్ని జ్ఞానస్నానానికి తెచ్చినవ్? గీ మరక నా చేతిదే. నూనె రాస్తుంటే ఒలికింది."

ఆయన ఒకప్పుడు ఈ ఊళ్లో పనిచేశాడని నాకు అప్పుడే తెలిసింది. నేను ఇక్కడికి రాకముందే బదిలీ అయ్యాడట. అంతకు ముందు నేను ఆయన్ని చూడలేదు, పేరు కూడా వినలేదు.

అలసటలో తప్పు కోసి ఉంటావని మా మేనమామ అంటాడు. తప్పయితే ఒప్పుకుంటాను, నాకేం నామోషీ లేదు. కానీ చూడని మనిషి భుజానికి సరిపోయే తప్పు నా చేయి ఎట్లా చేసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

పూజ అయ్యాక గుమ్మం దగ్గర మరియమ్మక్కను అడిగాను, "అక్కా, గిదెట్లయింది?" అని. ఆమె నవ్వింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం చూసింది అదే మొదటిసారి.