వెర్న్ పని బల్ల

మార్చిలో భర్త వెర్న్ పోయాక లోరెట్టా అతని చొక్కాలు ఇచ్చేసింది, బూట్లు ఇచ్చేసింది. షెడ్డులో పని బల్ల దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. నలభై ఏళ్లు ఊళ్లో ఇళ్లకీ తలుపులకీ రంగులేసిన మనిషి, డబ్బాలన్నీ దానిమీదే పెట్టుకుని, రంగులన్నీ దానిమీదే ఒలకబోసేవాడు. షెడ్డులోకి వెళ్లినప్పుడల్లా అది కంటబడి, వచ్చిన పని మరిచి వెనక్కి వచ్చేసేది. సెప్టెంబరులో మనసు రాయి చేసుకుంది. ఒక పొద్దున పక్కింటి డేల్‌ని పిలిచి దాన్ని వీధిలోకి మోయించింది. సాయంత్రం ట్రక్కు తెచ్చి చెత్తకుప్పకి తీసుకుపొమ్మంది.

ఆవేళ నెలలో మొదటి శుక్రవారమన్న సంగతే మరిచిపోయింది. వాళ్ల ఊరు కార్డెల్ ఫెర్రీలో ఒకప్పటి మేకుల కొట్టూ గుర్రపు జీన్ల కొట్టూ ఇప్పుడు చిత్రాలూ శిల్పాలూ అమ్మే కొట్లే. నెలనెలా ఆ శుక్రవారం సాయంత్రం కళాకారులంతా తాము చేసినవి తెచ్చి కాలిబాట మీద పెడతారు. చూడ్డానికి పొరుగూళ్లవాళ్లు వస్తారు.

ఐదింటికి కిటికీలోంచి చూస్తే బల్ల చుట్టూ ఏడెనిమిది మంది. లోరెట్టా గబగబా బయటికొచ్చింది.

నెరిసిన జుట్టున్న ఒకావిడ వెల అడిగింది. పారేసేదానికి వెలేమిటని లోరెట్టా అంటే, అది కళాకారిణి వినయమనుకుని అందరూ నవ్వారు.

"పేరేం పెట్టారండీ దీనికి?" అంది ఆవిడ.

"బల్ల."

వైన్ గ్లాసు పట్టుకున్న ఒకాయన, ఎంతో అర్థమైనట్టు తల పంకించాడు.

నెరిసిన జుట్టావిడ ఒక మరక మీద వేలు పెట్టి, ఈ ఆకుపచ్చ ఎంత బాగా కుదిరిందో అంది.

"కుదరడమేముంది, ఒలికింది. ఫైరింజన్ల షెడ్డు తలుపుది. వరదలొచ్చిన ఏడాది వేశాడు మా ఆయన." అక్కడితో ఆపుదామనుకుంది, ఆగలేకపోయింది. "ఆ ఎరుపు మెథడిస్టు చర్చిది. ఈ పసుపు మా వంటింటిది, నచ్చలేదని మూడుసార్లు మార్పించాను, మూడోసారి నాతో రెండు రోజులు మాట్లాడలేదు."

"మరి ఈ లేత నీలం?"

లోరెట్టా ఆ మరక మీద అరచెయ్యి ఆన్చింది. "మా వసారా కప్పుది. సగమే వేశాడు."

అందరూ తలెత్తి వసారా వైపు చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. గ్లాసాయన టోపీ తీశాడు.

డేల్ ట్రక్కు దిగేసరికి జనం పలచబడ్డారు. లోరెట్టా బల్లకి ఒక చివర పట్టుకుని ఉంది.

"అటు పట్టుకో. లోపలికి."

"పొద్దున బయటికి, సాయంత్రం లోపలికి! వెర్న్ కూడా నన్నింత సతాయించలేదు."

"సతాయించాడు. నువ్వే మర్చిపోయావు."

షెడ్డు వైపు తిరగబోయిన డేల్‌ని ఆపి, వంటింటి గుమ్మం చూపించింది.