మూడు కొట్టి ఒకటి మింగే ఇంజను

పాత జీపు కొనడానికి కళ్యాణదుర్గం వైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే నా మాట వినండి. చెప్పిన టైముకు పోవద్దు. మధ్యాహ్నం వస్తామని కబురు పెట్టి పొద్దున్నే దిగండి. అమ్మేవాడు ముందే ఇంజను తిప్పి వేడెక్కించి పెడితే దాని రోగం మీకు దొరకదు. ఈ మర్మం నాకు చెప్పింది మా తమ్ముడు ఓబులేసు. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ లారీలు తోలి విసిగిపోయాడు. సొంతానికి ఒక జీపు పెట్టుకుని, ధర్మవరం నుంచి కదిరికి జనాన్ని తిప్పుకుంటే చాలని వాడి ఆశ. నా ఆశ వేరు.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయిన కాలం అది. వాడు చూసి వచ్చిన జీపు ఒకప్పటి మా జీపే. మా ఇంటాయన మగ్గం వదిలేసి కొనుక్కున్న బండి. ఆయన పోయిన ఏడాదికే దాన్ని అమ్మేశాం. చేతులు మారి మారి కళ్యాణదుర్గం అవతల ఒక పల్లెలో తిప్పారెడ్డి అనే రైతు దగ్గర తేలింది. సిమెంటు దింపడానికి ఆ పల్లెకు పోయిన ఓబులేసు నంబరు చూసి గుర్తుపట్టాడు.

ఆ జీపుకు ఒక జబ్బుండేది. ఇంజను మూడు దెబ్బలు కొట్టి నాలుగోది మింగేసేది. ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నా, పక్కన మా అత్త రాట్నం తిప్పుతున్నా, రైల్వే గేటు దాటి ఎత్తు ఎక్కే ఆ చప్పుడు నా చెవిన పడేది. మగ్గం దిగి ఆయన స్నానానికి నీళ్ళు పెట్టేదాన్ని. బాగు చేయించరాదా అంటే నవ్వేవాడు. "బాగు చేయిస్తే నేనొస్తాండేది నీకెట్ల తెలుస్తాది?" అనేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయినా సాయంత్రమైతే నా చెవి గేటు వైపే ఉంటుంది. ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలి, వీలైతే ఇంటికి తెచ్చుకోవాలి. ఇది తమ్ముడికి చెప్పడానికి సిగ్గేసి, "దుడ్లలో సగం నావి, నేనూ చూడాల" అన్నాను.

"జీపు బేరానికి నువ్వెందుకక్కా? పెళ్ళికి పోతా పిల్లిని సంకన బెట్టుకున్నట్ల!"

"పిల్లికి చెవులు బాగా వినపడతాయి, పదరా."

ఐదున్నర బస్సుకు ధర్మవరంలో ఎక్కి, అనంతపురంలో మారి, ఏడింటికి కళ్యాణదుర్గం బస్సు పట్టుకున్నాం. మీరు కుడివైపు కూర్చోండి. ఎడమవైపు కిటికీలకు పొద్దుటి ఎండ తగ్గేది లేదు. దారి పొడుగునా వేరుశెనగ పీకేసిన ఎర్రచేలు, కాయ దూసేసిన కట్టె వాములు, వాటి పక్కన మేకలు. ఓబులేసు సీటుకు తల ఆనించగానే గురక పెట్టాడు. నా పక్కన కూర్చున్న ముసలామె ఒడి నిండా వేయించిన కాయలున్నాయి. నా చేతిలో గుప్పెడు పోసింది.

"యాడికి పోతాండావమ్మా?"

"జీపు కొననీకి."

"మగోళ్ళు ల్యారా?"

"ఉండాడు. నిద్రపోతాండాడు."

ఆమె నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చి ఉన్న సంగతి చెప్పేశాను. తమ్ముడికి చెప్పలేనిది ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పడం సులువు. ఆమె కాయలు వలవడం ఆపి, "మా మొగుడు దగ్గుకుంటా వస్తాండె. వీధి చివర దగ్గితే ఈడ సంగటి గెలికేదాన్ని" అంది. ఊరు వచ్చేదాకా ఇద్దరం కాయలు వలుచుకుంటూ కూర్చున్నాం.

తొమ్మిదికి కళ్యాణదుర్గం. బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. బజ్జి వేడిగా ఉంటేనే తీసుకోండి. అక్కడి నుంచి పల్లెకు షేరాటో. ఎక్కేముందు చోటుందా అని అడగకండి, నవ్వుతారు. ఓబులేసు డ్రైవరు పక్కన ఒంటికాలి మీద వేలాడుతూ వచ్చాడు.

పదింటికి మమ్మల్ని వాకిట్లో చూసి తిప్పారెడ్డి నోరు తెరిచాడు. "ఏమప్పా, మధ్యాన్నం అంటిరే!"

"బస్సు బిరీన దొరికిందన్నా" అన్నాడు మావాడు, బానెట్టు మీద చెయ్యి పెడుతూ. చల్లగా ఉంది.

రేకుల కొట్టంలో జీపు నిలబడి ఉంది. రంగు మారింది గానీ కదిరిలో గేటు స్తంభానికి గుద్దుకున్న సొట్ట అలాగే ఉంది. డ్రైవరు సీటు చిరుగుకు నేను వేసిన కుట్లు కూడా ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఓబులేసు మాత్రం ఎద్దుకు పళ్ళు చూసినట్టు దాన్ని ఒక్క చోటా వదల్లేదు. రేడియేటరు మూత తీసి నీళ్ళమీద ఆయిలు తేలుతోందా అని చూశాడు. తువ్వాలు పరిచి కిందికి దూరి, కొత్తగా కడిగిన జాడలున్నాయా అని వెతికాడు. ఆయిలు కారే బండినే కడిగి పెడతారట. ఇవన్నీ గుర్తు పెట్టుకోండి.

తర్వాత ఇంజను స్టార్టు చేశాడు. నేను అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

ఒక్క తిప్పుకే అందుకుంది. మింగడం లేదు, తడబడటం లేదు. దెబ్బ మీద దెబ్బ సమంగా పడుతోంది.

"ఇది మా జీపు కాదు" అన్నాను.

"నంబరు మనదే కదక్కా!"

"ఇంజను మార్చినామమ్మా" అన్నాడు తిప్పారెడ్డి గర్వంగా. "మీ ఇంజను మిస్సు కొడతాండె. తీసేసి వేరేది ఏసినాం. ఇంక నువ్వు యాడికి పోయినా భయం ల్యా."

నా కళ్ళల్లో నీళ్ళు చూసి ఆయన గాభరాపడ్డాడు. "చెడిపోయిన ఇంజను ల్యాదని ఏడ్చే బేరగాళ్ళను ఈడే చూస్తాండా. ధర తగ్గించల్లంటే తగ్గిస్తాలేమ్మా!"

సంగతి ఓబులేసుకు అప్పుడు అర్థమైంది. ఇంజను ఆపి దిగి వచ్చి, "అన్నా, ఆ పాతది యాడుండాది?" అని అడిగాడు.

ఊరి చివర మస్తానయ్య అనే ఆయన శెనక్కాయలు వలిచే మిషను పెట్టుకున్నాడట. దానికి బిగించారట. ఆ జీపులోనే బయలుదేరాం. దారిలో వంక ఇసుకలోకి దించి, ముందు చక్రాలకూ గేరు వేసి చూశాడు మావాడు. కూరుకుపోకుండా ఎక్కేసింది. వాడి మొహం వెలిగిపోయి, నన్ను చూసి వెంటనే మామూలు మొహం పెట్టుకున్నాడు.

గట్టెక్కి జీపు ఆపగానే వినిపించింది. మూడు కొట్టి ఒకటి మింగి, మళ్ళీ మూడు కొట్టి. అయ్యో, నీళ్ళు పెట్టలేదే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ తర్వాత గానీ నేనెక్కడున్నానో గుర్తు రాలేదు.

ఇంజను సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. బెల్టు తిరుగుతోంది, పొట్టు గాలికి లేస్తోంది. ఓబులేసు పోయి మస్తానయ్య చెవిలో ఏదో చెప్పాడు. ఆయన తలగుడ్డ విప్పి పొట్టు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఈ కాలం అయిపోతానే బాగు చేపిస్తామనుకుంటి, డీజలు శానా తాగుతాది. నీకు కావాలంటే తీసుకపో అక్కా. నేను కరెంటు మోటారు పెట్టుకుంటా."

అడగకుండానే ఇస్తున్నాడు. ఊఁ అంటే సాయంత్రం మా గేటు దగ్గర ఆ చప్పుడు వినపడుతుంది.

"దీన్ని మళ్ళా జీపుకు ఏపిస్తే, కదిరి దోవలో జనాన్ని ఎక్కిస్తావా?" అని తమ్ముణ్ణి అడిగాను.

వాడు ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "నీకు అబద్దం చెప్పల్యానక్కా. ఎత్తులో జనంతో నిలబడిపోతాది. బావ కాబట్టి దీంతో నెట్టుకొచ్చినాడు. కానీ నువ్వు ఏపియ్యమంటే ఏపిస్తా."

వద్దులే అని మస్తానయ్యకు చెప్పాను. బాగు చేయించవద్దని కూడా అడగాలని ఉంది. డీజిలు ఖర్చు ఆయనది, నోరు రాలేదు. కాసేపు అక్కడే బస్తా మీద కూర్చుని విన్నాను. ఎవరూ నన్ను లేవమనలేదు.

తిప్పారెడ్డి ఇంట్లో సంగటి, ఊరిబిండి తిని, అడ్వాన్సు ఇచ్చి, తక్కినది కాగితాలు మార్చేటప్పుడని ఒప్పుకుని, మూడింటికి జీపులోనే బయలుదేరాం. అనంతపురం దాటేదాకా ఓబులేసు ఒక్కసారి కూడా బండిని పొగడలేదు. వాడి జన్మలో వాడు అంత కష్టం పడి ఉండడు. "బాగుంది లేరా, నువ్వన్నా నవ్వు" అంటే అప్పుడు నవ్వాడు. ధర్మవరం చేరేసరికి పొద్దు వాలుతోంది. రైల్వే గేటు దాటి ఎత్తు ఎక్కాం. ఒక్క దెబ్బ తప్పలేదు. మా అత్త వాకిట్లో రాట్నం తిప్పుతూ, జీపు ఎదుట నిలబడేదాకా తల ఎత్తనే లేదు.

జీపు నమ్మకంగా తిరుగుతోంది. ఇన్నాళ్ళలో ఒక్కనాడూ జనాన్ని దారిలో దింపలేదు. మంచి బండి కొన్నాం. అందులో ఎక్కి కూర్చున్నప్పుడల్లా కుట్ల మీద చెయ్యి వేస్తాను.

మీరెప్పుడైనా శెనక్కాయ ఇంటికొచ్చే కాలంలో అటు పోతే, పల్లె దాటి వంక గట్టు ఎక్కి కాసేపు నిలబడండి. మూడు కొట్టి ఒకటి మింగుతుంటే అది మా ఇంటాయన ఇంజను. విన్నామని నాకొక కార్డు ముక్క రాయండి. ఒకవేళ చప్పుడు సమంగా వస్తుంటే, మస్తానయ్య బాగు చేయించాడన్నమాట. అప్పుడు మాత్రం రాయకండి.