గ్రీజు కింద కుంకుమ

మా చిన్నప్పుడు... హిందూపురంలో మా వాకిట్లో ఒక పికప్పు ముందు చక్రాలు లేకుండా రెండు వారాలు రాతి దిమ్మెల మీద నిలబడింది. మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన పాతబండి, నాలుగు చక్రాలూ లాగేది. కొత్తచెరువు పక్క పల్లెల నుంచి బురదలో శనక్కాయ మూటలు తేవాలంటే మా నాయనకు అదే దిక్కు.

ముందు యాక్సిల్ మొత్తం విప్పింది మెకానిక్ మస్తాన్ సాయిబు. పెనుకొండ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. ఎడమ చక్రం సామాను ఒక గోనెపట్టా మీద, కుడిది ఇంకో పట్టా మీద పరిచినాడు. చక్రం తిరిగే కీలు దగ్గర కాగితమంత పలచని రేకు బిళ్లలు ఉంటాయి... అవి ఆ పక్కవి ఈ పక్కకు మారితే స్టీరింగు బిగుసుకుపోతుంది.

"ఈటిని ముట్టొద్దు పాపా" అని నాకు పదిసార్లు చెప్పినాడు. ఇంట్లో పెద్దోళ్లకు చెప్పాలని ఆయనకు తట్టలేదు...

ఆయుధపూజ వచ్చింది. సాయిబుకు ఆ రోజు సెలవు. నాయన ధర్మవరం పోయినాడు. మా అవ్వ, నాయన తల్లి, రెండు పట్టాలూ ఖాళీ చేసింది! ప్రతి ముక్కనూ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, అన్నీ ఒకే పీట మీద కుప్ప పోసి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టింది. పూలు అందించింది నేనే.

భక్తి అంటారా? ఇనుముకు దండం పెడతాం గానీ, ఆ ఇనుము గుట్టు తెలిసిన మనిషిని ఒక్క మాట అడగం. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

మర్నాడు సాయిబు పీట ముందర నిలబడిపోయినాడు.

"ఏందవ్వా ఇది?"

"పండగపూట పూజ చేయకుండా ఇడస్తారా సాయిబూ? ఎట్ల మెరుస్తాండాయో చూడు!"

"మెరుస్తాండాయిలే... పెండ్లికూతుర్ల మాదిరి" అని కూర్చున్నాడు. బిళ్లల్ని వేళ్ల మధ్య రుద్ది, వెలుతురుకు పట్టి, కడకు నన్ను అడిగినాడు. "ఎడమ పట్టా మీద ఎన్నుండె పాపా?"

"ఐదు" అన్నా. ఎందుకన్నానో... నేను లెక్కపెట్టిందే లేదు.

సాయంత్రానికి చక్రాలు ఎక్కినాయి. నాయన వచ్చేసరికి కుంకుమంతా గ్రీజు కింద మునిగిపోయింది. బండెక్కి స్టార్టు చేసి స్టీరింగు తిప్పినాడు... తిరగలేదు. బండి పోయి మా గోడకే గుద్దింది.

"రేప్పొద్దున లోడుకు మాటిచ్చిండానే! రెండు వారాలు నువ్వు చేసింది ఇదేనా సాయిబూ?"

సాయిబు అవ్వ దిక్కు చూసినాడు. అవ్వ గోడ దిక్కు చూసింది. నేను నా కాళ్ల దిక్కు.

"నేనే కలిపేస్తినప్పా. తప్పు నాదే" అన్నాడు సాయిబు.

"ఇంగ మా ఇంటి దిక్కు రావాకు."

ఆయన పానాలు, సుత్తులన్నీ సంచిలో వేసుకున్నాడు. అవ్వ లోపలికి పోయి నాలుగు ఓళిగలు, అదే బొబ్బట్లు, ఆకులో చుట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మళ్లీ మా వీధిలో కనపడలేదు.

ఆ రోజుల్లో హిందువులు, సాయిబులు అన్నదమ్ముల్లా ఉండేవాళ్లని పోస్టులు పెడతారే... ఉండేవాళ్లు సార్. తప్పు ఎవరి నెత్తిన పడాలనే దాకా ఉండేవాళ్లు.

అంత గట్టిగా రాసినాక కూడా నాకు తెగడం లేదు. అవ్వ నోరు మెదపనిది ఆయన సాయిబనా, కొడుక్కి భయపడా? ఆ ఓళిగలు పండగవా, క్షమాపణా? ఆయన కాపాడింది అవ్వనా... తప్పు లెక్క చెప్పిన నన్నా? ఎవరితోనైనా వాదించి గెలుస్తా గానీ, ఈ ఒక్క సాయంత్రంతో నా వల్ల కాలేదు.

ఇప్పుడు బండిని షెడ్డులో ఇచ్చి అద్దానికి ఈవల కూర్చుంటాం. చేసేవాడి మొహం మనకు తెలీదు, మన మొహం వాడికి తెలీదు... మనకోసం మాట పడాల్సిన అవసరమూ వాడికి లేదు.

తప్పు చేయకుండానే మీ ఇంటి నుంచి తలొంచుకుని పోయినవాళ్లు ఉంటే, వాళ్ల గురించి కింద రాయండి. అప్పుడు మీరు యాడ నిలబడి ఉంటిరో... అది కూడా రాయండి.