మేడ మీద కుళాయి

జాన్ బాషా ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయింది గానీ, ఉద్యోగం మాత్రం జాన్ బాషాని వదల్లేదు. రోజూ పదింటికల్లా ఉతికిన చొక్కా వేసుకుని అంతరిక్ష మ్యూజియం గేటు దగ్గర హాజరు. జీతం లేదు, సంతకం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ అల్లాబక్షుని "రాకెట్టు మీద దుమ్ము చూశావా?" అని నిలదీసి, లోపలికి వెళ్ళి తన లోకాన్ని ఒకసారి చూసుకుంటే గానీ ఆయనకు అన్నం సయించదు.

గుంటూరు శివార్లలో, మిర్చి కోల్డ్ స్టోరేజీల మధ్య ఉంటుంది ఆ మ్యూజియం. గాలి ఇటు తిరిగిందంటే గ్రహాల బొమ్మల ముందు నిలబడ్డవాళ్ళంతా వరసగా తుమ్ముతారు. బృహస్పతికి రంగు వెలిసింది, శని వలయం ఓ పక్కకు ఒరిగింది. అయినా జాన్ బాషా కంటికి చక్కనమ్మ చిక్కినా అందమే.

ఊడ్చే పనికి చేరిన మనిషి ఆయన. పదో తరగతి గట్టెక్కలేదు. మేడ మీద టెలిస్కోపు తిప్పే ఉద్యోగికి బదిలీ అయితే, చూసి చూసి నేర్చుకున్న జాన్ బాషాకే ఆ పని అప్పగించారు. అలా ఇరవై ఎనిమిదేళ్ళు జిల్లా మొత్తానికీ చంద్రుణ్ణి చూపించాడు. కలెక్టర్లు చూశారు, పెళ్ళిబట్టల్లో వచ్చిన కొత్త జంటలు చూశారు. ఎదురుగా గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు మాత్రం చూడలేదు. ఆయన గుండెలో ముల్లు అదే.

మొన్న జనవరిలో కొత్త అధికారి శ్రీరమ్య మ్యూజియం బాగు చేయడానికి సలహాలు కావాలని పాత ఉద్యోగులనూ ఊళ్ళో పెద్దలనూ పిలిచింది. జాన్ బాషా గడ్డం గీయించుకుని వెళ్ళాడు. చైతన్యకృష్ణ అనే కాలేజీ లెక్చరర్, కళ్ళజోడు పెట్టుకుంటే అంగారకుడి మీద నడిచినట్టుండే యంత్రాలు తెప్పించమన్నాడు. మిర్చి వ్యాపారి బాపయ్య క్యాంటీన్ పెట్టించమన్నాడు. అందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి.

"మేడ మీద టెలిస్కోపు పక్కన ఒక కుళాయి పెట్టించండమ్మా," అన్నాడు జాన్ బాషా.

"కుళాయి దేనికయ్యా బాషా, చంద్రుడికి స్నానం చేయిస్తావా?" అన్నాడు బాపయ్య. గదంతా నవ్వింది.

జాన్ బాషా కూడా నవ్వాడు. నవ్వాక, ముప్పై ఏళ్ళుగా కడుపులో దాచుకున్నది బయటపెట్టాడు.

"తప్పు నాదేనండి. ఎవరొచ్చినా ఒకటే మాట చెప్పేవాణ్ణి, ఒక కన్ను చేత్తో మూసుకుని రెండో కంటితో చూడమని. ఓ రోజు మా ఆవిడ ఖుర్షిదాని రమ్మన్నా. గోడౌన్లో తనతో పనిచేసే పదిమందిని వెంటేసుకుని, పని దిగీదిగగానే వచ్చింది. మొదట తననే నిలబెట్టా. చేత్తో కన్ను మూసుకోమన్నా. పొద్దున్నుంచీ మిరపకాయలు పట్టుకున్న చెయ్యండి అది. గావుకేక పెట్టింది. మండుతోందని రెండో చేత్తో రెండో కన్నూ నులిమేసుకుంది. నీళ్ళు కింద ఎక్కడో ఉన్నాయి. కళ్ళు కనపడని మనిషిని పట్టుకుని నలభై మెట్లు దించా. ఆ గొట్టంలో చూస్తే కళ్ళు పోతాయని మర్నాటికల్లా గోడౌన్లన్నిటా పాకిపోయింది. ఆ మాట ఇప్పటికీ పోలేదు."

"కింద కడుక్కుని ఎక్కొచ్చుగా," అన్నాడు చైతన్యకృష్ణ.

"ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటారు కదా బాబూ. అంతకుముందు ఎక్కినవాళ్ళ కారం దానికే ఉంటది. కుళాయి కావాలని ఐదుగురు ఆఫీసర్లకి రాసిచ్చా. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తానే ఉన్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. శ్రీరమ్య తన అరచేతుల వంక చూసుకుంది. "మా అమ్మ మిరపకోతకి వెళ్ళొస్తే, స్నానం చేసేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు," అంది. "మొదటి పని కుళాయే బాషాగారూ."

ఫిబ్రవరి దాటకముందే మేడ మీద కుళాయి వెలిసింది. ఉత్త నీళ్ళకు లొంగే మంట కాదని జాన్ బాషాకు తెలుసు. పక్కనే కొబ్బరినూనె సీసా, సబ్బు పెట్టాడు. ముందు నూనె రాసుకోవాలి, తర్వాత సబ్బుతో తోముకోవాలి. ఎదురింటివాళ్ళని విందుకు పిలిచినట్టు గోడౌన్ గోడౌన్‌కీ వెళ్ళి పిలిచాడు. రెండు వారాలు చూశాడు. నూనె సీసా మూత కూడా ఎవరూ తియ్యలేదు.

ఆనాడు ఖుర్షిదా వెంట వచ్చిన పదిమందిలో సుబ్బరావమ్మ ఒకతె. ఇప్పుడు తొడిమల ముఠాకి ఆవిడే మేస్త్రీ. మొహమాటం ఎరగని మనిషి. "మీ ఆవిడ చూస్తే మేమూ చూస్తాం బాషా. నీ ఇంట్లో మనిషే నిన్ను నమ్మకపోతే మేమెట్టా నమ్మాలి?" అంది.

మాట సూటిగా తగిలింది. ఎందుకంటే ఖుర్షిదా ఆ రోజు తర్వాత మళ్ళీ మేడ ఎక్కలేదు. పనికి వెళ్ళడం మానేసి పదేళ్ళవుతున్నా, ఆ గొట్టం మాటెత్తితే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. జాన్ బాషా ఆ రాత్రి అన్నం దగ్గర విషయం చెప్పాడు. బతిమాలలేదు. నువ్వు రాకపోతే వాళ్ళు రారు అని మాత్రం అన్నాడు. ఆమె పచ్చడి కలుపుకుంటూ, "సుబ్బరావమ్మ అంత మాట అందా?" అంది.

ఆదివారం సాయంత్రం పొద్దు వాలుతుండగా మెట్ల మీద చప్పుడైంది. ముందు ఖుర్షిదా, వెనక సుబ్బరావమ్మ, ఆ వెనక పాతికమంది. ఆకాశంలో సగం చంద్రుడు సిద్ధంగా ఉన్నాడు. ఖుర్షిదా కుళాయి దగ్గర మోచేతుల దాకా నూనె పట్టించి, సబ్బుతో మూడుసార్లు కడిగింది. అందరూ చూస్తుండగా వచ్చి టెలిస్కోపు ముందు నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"ఒక కన్ను మూసుకో," అన్నాడు జాన్ బాషా.

"మూసుకుంటే రెండూ మూసుకుపోతున్నాయి. నా చెయ్యి మాత్రం పెట్టను. దానిమీద నాకు నమ్మకం లేదు," అంది. కాస్త ఆగి, "నీ చెయ్యి పెట్టు," అంది.

పెళ్ళయి నలభై ఏళ్ళు. నలుగురిలో భార్య కొంగు కూడా తాకని మనిషి. ముఖం ఎర్రబడింది. కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నూనె రాసుకుని, సబ్బు రుద్ది, గోళ్ళ సందులు కూడా కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ మొదట్నుంచీ కడిగాడు. తువ్వాలుతో తుడుచుకుని వచ్చి, ఆమె ఎడమ కన్ను మీద అరచెయ్యి మెల్లగా ఆనించాడు.

ఖుర్షిదా వంగింది.

"కనపడుతున్నాడా?" అన్నాడు.

"ఊఁ."

"ఎట్టున్నాడు?"

"చినుకులు పడ్డ కల్లం లాగా ఉన్నాడయ్యా. అన్నీ గుంటలే," అంది. అక్కణ్ణుంచి కదల్లేదు. వెనక ఆడవాళ్ళు కుళాయి దగ్గర బారులు తీరారు. నూనె సీసా చేతులు మారుతోంది.

"జరుగు ఖుర్షిదా, మేం చూడొద్దా?" అంది సుబ్బరావమ్మ, తడి చేతులు విదిలిస్తూ.

"ఆగవే. ముప్పై ఏళ్ళది ఇవాళే చూసుకోవాలి," అంది ఖుర్షిదా, టెలిస్కోపులోంచి కన్ను తియ్యకుండానే.

జాన్ బాషా చెయ్యి తియ్యలేదు.