ముందే అచ్చు వేసిన రెండు వందల ముప్పై

2023 డిసెంబరు. గుండ్లపోచంపల్లిలో హీటర్ కాయిల్స్ తయారు చేసే ఒక చిన్న యూనిట్‌లో నేను టెస్టింగ్ ఇంజనీరుని. పాపకు ఏడో నెల వచ్చాక మళ్లీ పనిలో చేరి అప్పటికి మూడు వారాలైంది. రాత్రంతా దాని నుదురు ముట్టి చూస్తూ, పగలు మీటర్లు చూస్తూ ఉన్న రోజులవి.

నా పని పెద్దదేమీ కాదు. కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో చూడాలి. వోల్టేజీని ఆ ఆంపియర్లతో భాగిస్తే కాయిల్ రెసిస్టెన్స్ ఓముల్లో వస్తుంది. గుణిస్తే పవర్ వాట్లలో వస్తుంది. మా టేబుల్‌కు స్టెబిలైజర్ ఉంది కాబట్టి వోల్టేజీ ఎప్పుడూ 230 దగ్గరే నిలబడుతుంది. అందుకే మా టెస్ట్ ఫారాల్లో వోల్టేజీ గడిలో 230 అని ముందే అచ్చు వేసి ఉండేది.

కాయిల్స్ చుట్టేది సూరారం నుంచి వచ్చే ఎస్తేరక్క. నూరు చుట్లు పూర్తయినప్పుడల్లా ఒక చింతగింజ డబ్బాలో వేసుకుంటుంది. ఆమె చుట్టిన వెయ్యి వాట్ల కాయిల్ నా టేబుల్ మీద 4.35 ఆంపియర్లు తీసుకునేది. అంటే యాభై మూడు ఓములు. ఎప్పుడూ అంతే.

ఆ నెలలో దేవరయాంజాల్ వైపు కోళ్లఫారం పెట్టుకున్న మల్లేశన్న ఫోన్ చేశాడు. కొత్త షెడ్డులో మా హీటర్లు నాలుగు పెట్టినా కోడిపిల్లలు వాటి కిందే గుంపు కట్టి, తెల్లారేసరికి కొన్ని చనిపోతున్నాయట. నేను వెళ్లి ఒక హీటర్ తీగకు క్లాంప్ మీటర్ తగిలించాను. తీగను తెంపకుండా, చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే మీటర్ అది. 3.4 చూపించింది. సంచిలోంచి మా ఫారం తీశాను. 230 ఉండనే ఉంది. 3.4తో భాగిస్తే అరవై ఏడు ఓములు దాటింది. గుణిస్తే 782 వాట్లు. రెసిస్టెన్స్ ఎక్కువైందంటే తీగ పొడవు ఎక్కువైనట్టు. “కాయిల్స్‌లో చుట్లు ఎక్కువ” అని రాసి సంతకం పెట్టాను.

మా ఓనర్ ఆ కాగితం చదివి, ఎస్తేరక్కకు చూపు తగ్గిందని తేల్చేశాడు. నాలుగు కాయిల్స్ మళ్లీ చుట్టి, తనే వెళ్లి మార్చి రమ్మన్నాడు. సోమవారం నుంచి పనికి రావద్దన్నాడు. ఆమె నా స్కూటీ వెనక కాయిల్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారిలో ఒక్కటే అడిగింది: “పాప పాలు మంచిగ తాగుతున్నదా?”

షెడ్డులో పాత కాయిల్ విప్పే ముందు, కరెంటు తీసేసి మల్టీమీటర్‌తో కొలిచాను. యాభై రెండు ఓములు చిల్లర. మీటర్ తీగలు మార్చి మళ్లీ కొలిచాను. అదే. వేడెక్కితే రెసిస్టెన్స్ కొంచెం పెరుగుతుందని తెలుసు కానీ, పదిహేను ఓములు పెరగదు. ఫ్యాక్టరీ ఫారంలో యాభై మూడని రాసి సంతకం పెట్టింది నేనే. అరవై ఏడని పెట్టిందీ నేనే. “కాయిల్ బాగానే ఉంది,” అన్నాను.

“ఏంది మేడం గిది? మొన్న కాయిల్ ఖరాబన్నరు. ఇయ్యాల మంచిగుందంటున్నరు,” అన్నాడు మల్లేశన్న.

ఎస్తేరక్క నావైపు చూడకుండా, “గింజలు తప్పలే మేడం,” అంది.

ఆ హీటర్‌కు మళ్లీ కరెంటు ఇచ్చి క్లాంప్ తగిలించాను. 3.4. ఇంతలో మల్లేశన్న విప్పడానికని మిగతా మూడూ ఆపేశాడు. నా చేతిలో అంకె నాలుగు దాటింది. మీటర్ పాడైందనుకున్నాను. ఆ మూడూ వేయించాను, 3.4. ఆపించాను, మళ్లీ నాలుగు. పక్క హీటర్లు ఆపితే ఈ కాయిల్‌లో చుట్లు ఎలా తగ్గుతాయి? షెడ్డు మధ్యలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత నా టెస్ట్ ఫారం కాగితం వైపు చూశాను. ఇక్కడ నేను కొలవనిది ఒక్కటే ఉంది. అది అచ్చులో ఉంది.

నాలుగు హీటర్లూ వేయించి, ప్లగ్ దగ్గర వోల్టేజీ కొలిచాను. నూట ఎనభై. దాన్ని 3.4తో భాగించాను. యాభై మూడు. గుణిస్తే 612 వాట్లు. కోడిపిల్లలకు అందుతున్న వేడి నేను రాసిన దానికంటే కూడా తక్కువ. పాత ఇంటి మీటర్ నుంచి షెడ్డు దాకా వంద మీటర్లు, కంచె వెంట సన్నటి వైరు లాగి ఉంది. నాలుగు హీటర్ల కరెంటూ దాంట్లోంచే వస్తుంటే వోల్టేజీ దారిలోనే పడిపోతోంది. మల్లేశన్న దాన్ని పట్టి చూశాడు. వెచ్చగా ఉంది.

“అంటే ఇన్ని దినాలు కంచెకు కాక వెడుతున్ననా నేను,” అన్నాడు.

రెండో రిపోర్టులో మొదటిది నా తప్పని, ఎస్తేరక్క కాయిల్స్ సరైనవేనని రాశాను. నేను మళ్లీ చేరి నెల కూడా కాలేదు. ఇక ఇంట్లోనే ఉండమంటారేమోనన్న భయంతోనే సంతకం పెట్టి ఇచ్చాను. ఓనర్ చాలాసేపు చదివి, “ఆమెను సోమవారం రమ్మను,” అని మాత్రం అన్నాడు. మల్లేశన్న లావు వైరు వేయించాక, కోడిపిల్లలు షెడ్డంతా తిరుగుతున్నాయని ఫోన్ చేశాడు.

సోమవారం ఎస్తేరక్క వచ్చి చింతగింజల డబ్బా ముందు పెట్టుకుంది. నేను క్షమించమన్నాను. చుట్టడం ఆపకుండానే, “నా కండ్ల మీద అనుమానపడ్డవు గని బిడ్డా, గా కాగితం మీద పడకపోతివి,” అంది.

పదో తరగతి నుంచి తెలిసిన సూత్రం. అది ఎక్కడా తప్పలేదు, నేను ఇచ్చిన అంకె తప్పింది. అయినా ఆ రోజు అంత సేపు ఎందుకు తోచలేదో ఇప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు మా ఫారాల్లో వోల్టేజీ గడి ఖాళీగా ఉంటుంది. అయినా ఒక్కోరోజు మీటర్ వైపు చూడకముందే నా చెయ్యి 230 అని రాసేస్తుంది. కొట్టేసి, చూసి, మళ్లీ రాస్తాను.