పక్క కుర్చీ అన్నయ్య

టైలరమ్మకు నోరెక్కువ. ఆ డయాలసిస్ గదిలో ఎవరు తుమ్మినా ముందు ఆవిడ గొంతే లేచేది. "మాస్కు మెడకు కాదు బాబూ, ముక్కుకు" అని డాక్టరుకే చెప్పిన మనిషి. ఐదేళ్లుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, అదే మూల కుర్చీ. మామూలు వాళ్లకు రెండు రోజుల్లో పోయే జలుబు తమలాంటి వాళ్లను మంచాన పడేస్తుందని ఆవిడకు బాగా తెలుసు. ఇంట్లో మనవరాలికి ముక్కు కారితే పిల్లను దగ్గరికి రానిచ్చేది కాదు, తలుపు అవతల నుంచే ముద్దులు విసిరేది.

పక్క కుర్చీలో ఒకప్పటి బస్సు కండక్టరు. చుట్టరికమేమీ లేకపోయినా అన్నయ్యా, చెల్లెమ్మా అని వరస కలుపుకున్నారు. ఆవిడ కాళ్లు పట్టేస్తే నర్సును కేకేసేది ఆయనే. సొంత అక్క కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చి, ఆపరేషనుకు తేదీ ఖాయమైనప్పుడు ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆయనకే చెప్పుకుంది. అప్పట్నుంచి రోజులు లెక్కపెట్టే పని ఆయనే నెత్తికెత్తుకున్నాడు. "ఇంకా పద్దెనిమిది చెల్లెమ్మా. తర్వాత ఈ మొహం చూడక్కర్లేదు."

పన్నెండు రోజులుందనగా ఆవిడకు దగ్గు పట్టుకుంది. మర్నాటికి ఊపిరాడలేదు. పరీక్ష చేసి ఫ్లూ అన్నారు. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి, చావు తప్పి బయటపడింది. ఊపిరితిత్తులు తేరుకునేదాకా ఆపరేషన్ మాట ఎత్తొద్దన్నారు, నెలలు పట్టవచ్చట. ఎక్కడ అంటుకుందో ఆవిడకు అంతుపట్టలేదు. చివరికి మనవరాలినే అనుమానించింది, పాపం పసిదాన్ని.

డయాలసిస్‌కు తిరిగి వచ్చిన మొదటి రోజు వరండాలో కండక్టరు భార్య కనిపించి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ మహాతల్లి నోట్లో నువ్వుగింజ నానదు.

"మీరు పడ్డ వారమే ఈయనకూ జ్వరం వదినా. గేటు దగ్గర జ్వరం చూస్తారుగా, ముందే మాత్ర వేసుకుని వచ్చేవారు. జ్వరమని తేలితే విడి గదిలో మిషను ఖాళీ అయ్యేదాకా పడిగాపులు. ఒక్కోసారి ఆ రోజు వంతే పోతుంది."

టైలరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారమే ఆయన మాస్కు కిందికి లాగి, తన వైపు ఒరిగి, ఇంకా పదిహేను అన్నాడు. లోపలికి వెళ్లి, కూర్చోకుండా ఆయన ముందు నిలబడింది.

"జ్వరమని తెలిసే నా పక్కన కూర్చున్నావా అన్నయ్యా?"

ఆయన చూపు దించుకున్నాడు. "వంతు పోతే ఒంట్లో నీరు చేరి పోయేవాణ్ణి చెల్లెమ్మా. నువ్వైతే గేటు దగ్గర చెప్పేదానివా?"

ఆవిడకు అబద్ధమాడటం చేతకాలేదు.

"చెప్పేదాన్ని కాదేమో. కానీ నీకు చెప్పేదాన్ని."

టైలరమ్మ నర్సును అడిగి గదిలో అటు చివర కుర్చీ వేయించుకుంది. ఆ నాలుగు గంటలూ ఆయన వైపు తల తిప్పలేదు.